మంద కుక్క, గొర్రె కార్జం, మన కడుపు: హైడాటిడ్ తిత్తి జబ్బును ఊళ్లోనే ఆపడం ఎలా

దేవరకో, కందూరికో పొట్టేలు కోసినప్పుడు కార్జం మీద తెల్లటి నీటి తిత్తి కనిపిస్తే మన ఊళ్లలో చేసే పని ఒక్కటే. ఆ ముక్క వరకు కత్తితో చెక్కేసి, అప్పటికే చుట్టూ తిరుగుతున్న కుక్కకు విసిరేస్తారు. మిగతా కార్జం కూరలోకి పోతుంది. తిన్నవాళ్లకు ఏమైనా అవుతుందేమోనని ఒకరిద్దరు అనుమానపడతారు గానీ, కుక్క సంగతి ఎవరికీ పట్టదు. భయపడాల్సింది మాత్రం కుక్క తిన్న ఆ ముక్క గురించే. కొన్నేళ్ల తర్వాత అదే ఇంట్లో ఎవరో కుడి డొక్కలో బరువుగా ఉందని స్కానింగ్‌కు పోతే, వాళ్ల కార్జంలోనూ అలాంటి తిత్తే బయటపడొచ్చు.

డాక్టర్లు దీన్ని హైడాటిడ్ తిత్తి అంటారు. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే చిన్న బద్దె పురుగు దీనికి కారణం. ఎకినోకాకస్ జబ్బులతో ప్రపంచంలో ఏ సమయంలో చూసినా పది లక్షల మందికి పైగా బాధపడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇది ఎక్కువగా కనిపించే చోట్లుగా వైద్య గ్రంథాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు వస్తాయి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత మనమే. అందులో పెద్ద వాటా అనంతపురం, కర్నూలు, కడప మెట్ట నేలలది. గొర్రెలున్న చోట మంద కుక్క ఉంటుంది, పొట్టేలు కోసిన చోట ఊరకుక్క ఉంటుంది. పురుగుకు కావాల్సినవి ఈ రెండే.

మంద ఉన్నవాళ్లు, ఇంట్లో కుక్కను పెంచేవాళ్లు, మటన్ కొట్టు నడిపేవాళ్లు, దేవర కమిటీల్లో ఉండేవాళ్లు చదివి అమలు చేయాలని ఇది రాస్తున్నాను. చెప్పేవి చాలా ఉన్నా నేను గట్టిగా పట్టుబట్టేవి రెండే: పచ్చి కార్జం, పచ్చి ఊపిరితిత్తులు కుక్క నోటికి అందకూడదు. ప్రతి ఆరు వారాలకు కుక్కకు సరైన మాత్ర పడాలి.

ముందు పురుగు దారి తెలుసుకోవాలి

పెద్ద పురుగు కుక్క చిన్నపేగులో ఉంటుంది. బద్దె పురుగు అనగానే మూరల పొడవు ఊహించుకోకండి. ఇది 3 నుంచి 7 మిల్లీమీటర్లే. ఒక్క కుక్కలో వేల పురుగులున్నా అది చిక్కదు, వాంతులు చేసుకోదు, మందను ఎప్పటిలాగే కాస్తుంది. పైకి చూసి పురుగు ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే "మా కుక్క మంచిగానే ఉంది సార్" అన్న మాట ఈ జబ్బు విషయంలో పనికిరాదు.

పురుగు గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. అవి కంటికి కనిపించవు. గడ్డికి, మట్టికి, నీటికి, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. గొర్రె మేతతో పాటు వాటిని మింగితే, గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు పేగు గోడ దాటి, రక్తంలో పడి, కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఆగుతుంది. అక్కడ తన చుట్టూ తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో వందలు, వేలుగా పురుగు తలలు తయారవుతాయి. కుక్క ఆ తిత్తిని పచ్చిగా తింటే ఒక్కో తల ఒక్కో పురుగవుతుంది. ఆరేడు వారాలు గడిచేసరికి ఆ కుక్క మలంలో మళ్లీ గుడ్లు మొదలవుతాయి.

ఇందులో మనిషి నిలబడేది గొర్రె స్థానంలో. కుక్క మలంలోని గుడ్డు మట్టి చేతులతోనో, కడగని ఆకుకూరతోనో, నీటితోనో మన నోట్లోకి పోతే మనలోనూ తిత్తే తయారవుతుంది. మాంసం తిన్నందుకు ఈ జబ్బు రాదు. మనిషి నుంచి మనిషికీ అంటదు. ఇంట్లో ఒకరికి తిత్తి ఉందని తెలిసినప్పుడు వాళ్ల కంచం, మంచం వేరు చేయడం అన్యాయం. ఆ ఇంట్లో వెంటనే చూడాల్సింది కుక్కను.

మేకలు, ఆవులు, గేదెలు, పందుల్లో కూడా ఈ తిత్తులు వస్తాయి. మన వైపు గొర్రెలు ఎక్కువ కాబట్టి వాటి గురించే ఎక్కువ చెబుతున్నాను.

మొదటి పని: కోసిన చోటే తిత్తిని గుర్తుపట్టడం

పొట్ట చీల్చాక కార్జం, రెండు ఊపిరితిత్తులు నీళ్లతో కడిగి వెలుతురులో పెట్టి చూడండి. చూస్తే చాలదు, అరచేత్తో నొక్కుతూ తడమాలి. కొన్ని తిత్తులు లోపలే ఉండి పైన చిన్న తెల్ల మచ్చగానే కనిపిస్తాయి. కార్జం మెత్తగా ఉంటుంది కాబట్టి లోపలున్న తిత్తి గట్టిగా, బిగుతుగా చేతికి తగులుతుంది. ఊపిరితిత్తులను చాలామంది చూడకుండానే పారేస్తారు. వాటికి పెద్దగా ధర రాదు, కుక్కకు పెట్టడం అలవాటు. అసలు ప్రమాదం అక్కడే ఉంది కాబట్టి వాటిని వదలకుండా తడమండి.

హైడాటిడ్ తిత్తి అవయవంలో కూరుకుని ఉంటుంది. కొంత భాగం బయటికి ఉబ్బుతుంది. గోడ తెల్లగా, మందంగా ఉంటుంది. లోపల తేటనీరు. అది తెగితే నీళ్లు చిమ్మి, లోపలి తెల్లటి పొర తాటిముంజలా జారి బయటికి వస్తుంది. ఆ నీటిని గాజు గ్లాసులో కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి సన్న రేణువులు పేరుకుంటాయి. అవే పురుగు తలలు, తలలున్న చిన్న సంచులు. కుక్కకు కావాల్సింది అదే. పశువైద్య కాలేజీ పిల్లలకు చూపడానికైతే సరేగానీ, కుతూహలం కోసం వాకిట్లో తిత్తి కోయకండి. నేల మీద పారిన ఆ నీటిని నాకడానికి కుక్కలు వెంటనే వచ్చేస్తాయి. పాతబడిన తిత్తుల్లో నీరు ఇంకిపోయి పెరుగుగడ్డ లాంటి పదార్థమో, కత్తికి కరకరమని తగిలే సున్నమో ఉంటుంది. అలాంటివి చాలావరకు చచ్చినవే. అయినా పారేసే పద్ధతి మార్చకండి.

దీన్ని మరో మూడింటితో కలిపేసుకోవడం తరచుగా చూస్తుంటాను.

పేగుల మీది కొవ్వు తెరకు పలుచటి నీటి సంచి వేలాడుతూ కనిపిస్తుంది. లోపల ఒక్క తెల్ల చుక్క ఉంటుంది. ఇది టీనియా హైడాటిజీనా అనే మరో బద్దె పురుగు పిల్ల. మనిషికి రాదు. కానీ ఇది కూడా గొర్రెకు కుక్క నుంచే వస్తుంది. కాబట్టి కొవ్వు తెరకు ఈ సంచులు కనిపించాయంటే, మీ మంద తిరిగే చోట కుక్కలు పచ్చి అవయవాలు తింటున్నాయన్నది ఖాయం. ఆ దారిలో ఇది వచ్చిందంటే హైడాటిడ్ కూడా రావచ్చు. చాలామంది దీన్ని తేలిగ్గా తీసిపారేస్తారు. నేనైతే దాన్ని ముందస్తు హెచ్చరికగానే చూస్తాను.

కార్జం కోసినప్పుడు పైత్యనాళాల్లో ఆకులా పలుచగా పురుగులు జారుతుంటే అవి జలగలు. అవి కుంటల్లోని నత్తల వల్ల వస్తాయి. వాటికి మందు వేరు, దారి వేరు.

మూడోది బతికున్నప్పుడే కనిపిస్తుంది. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది, మందతో నడవలేదు, గోడకు తల ఆనించి నిలబడుతుంది. కారణం మెదడులో నీటి తిత్తి కావచ్చు. టీనియా మల్టిసెప్స్ అనే బద్దె పురుగు పిల్లది ఆ తిత్తి. అలాంటి గొర్రెను కోసి తలను కుక్కకు వేయడమంటే, వచ్చే ఏడు మరో నాలుగు గొర్రెలు తిరగడానికి దారి తీయడమే.

రెండో పని: పారేయడం కాదు, పూడ్చడం

కత్తి పట్టకముందే రెండు పనులు చేయండి. ఇంటి కుక్కను, మంద కుక్కను కట్టేయండి. మూత ఉన్న బకెట్ ఒకటి పక్కన పెట్టండి. తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు, గుండె, తల భాగాలు నేల మీద పడకుండా నేరుగా ఆ బకెట్లోకి పోవాలి. కోత అయ్యాక వేద్దామంటే ఈలోపు కుక్క పని అది చేసుకుపోతుంది.

గుంత కనీసం 4 అడుగుల లోతు తీయాలి. మన గట్టి నేలల్లో, ముఖ్యంగా అనంతపురం వైపు రాళ్ల భూమిలో, ఎండాకాలం గుంత తీయడం మాటలు కాదని తెలుసు. అందుకే వేడుకకు ముందురోజే తీయించుకోవాలి. అవయవాలు వేసి, మట్టి కప్పి, పైన బండరాళ్లు పేర్చి, ముళ్లకంప వేయండి. అడుగు లోతులో పూడ్చినది తెల్లారేసరికి కుక్క తవ్వి తీస్తుంది. వంకలో పడేయడం, ఊరి బయట చెత్తకుప్పలో వేయడం అంటే కుక్కకు వడ్డించినట్టే. కాల్చాలనుకుంటే కట్టెలు దండిగా వేసి పూర్తిగా బూడిదయ్యేదాకా కాల్చాలి. పచ్చి కార్జం పైన మాడి లోపల పచ్చిగా మిగిలిపోవడం మామూలే.

"మరి కుక్కకేం పెట్టాల సార్, మంద ఎవురు కాస్తారు?" అని కాపరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉడికించి పెట్టండి. కార్జం, ఊపిరితిత్తులు చిన్న ముక్కలుగా కోసి, నీళ్లు తెర్లడం మొదలైన దగ్గర్నుంచి అరగంట ఆపకుండా ఉడికిస్తే తిత్తిలోని తలలన్నీ చచ్చిపోతాయి. చల్లారాక కుక్కకు పెట్టొచ్చు. మాంసం వండే పొయ్యి మీదే పక్కన మరో పాత్ర పెట్టుకుంటే సరిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి చంపుదామనుకోవద్దు, ఆ చల్లదనాన్ని నమ్ముకోలేం.

వలస పోయినప్పుడు దారిలో చచ్చిన గొర్రెల సంగతి వేరుగా చెప్పాలి. ఎండాకాలం మందలు కేసీ కాలువ కిందికో, నల్లమల వైపుకో పోతాయి. దారిలో గొర్రె చచ్చిపోతే చర్మం తీసి మిగతాది వదిలేసి కదిలిపోతారు. రాత్రికి మంద కుక్కలు, ఊరకుక్కలు, నక్కలు దాన్ని పంచుకుంటాయి. గడ్డపార, పార మూటలో పెట్టుకుని పోండి. ఇంకొక్క జాగ్రత్త: గొర్రె హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో ఆసనం నుంచో నల్లటి, గడ్డకట్టని రక్తం వస్తుంటే కత్తి పెట్టకండి. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అది మనిషినే చంపగలదు. కళేబరాన్ని కోయకుండా అలాగే కుక్కలు రాకుండా కాపలా పెట్టి, పశువుల డాక్టర్‌ను పిలవండి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు.

మూడో పని: కుక్కకు మాత్ర

అన్నిటికంటే ఎక్కువగా గజిబిజి ఉన్నది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఈ పురుగుకు మందు ప్రాజిక్వాంటెల్. కుక్క బరువు కిలోకు 5 మిల్లీగ్రాములు. మందుల షాపులో దొరికే చాలా కుక్క మాత్రల్లో ఒక్కోదాంట్లో 50 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ ఉంటుంది, అంటే 10 కిలోలకు ఒకటి. కొనేముందు వెనుక రాసింది చదివి ప్రాజిక్వాంటెల్ అన్న పేరు, మిల్లీగ్రాములు చూసుకోండి. గొర్రెలకు తాపే అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ మందు మిగిలిందని కుక్కకు తాపితే ఈ పురుగు పోదు. ఐవర్‌మెక్టిన్ సూదితోనూ పోదు. "పురుగు మందు వేసినాం" అన్నాక ఏ మందో చూసేవాళ్లు తక్కువ. జబ్బు ఊళ్లో మిగిలిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

బరువును అంచనాతో చెప్పకండి. గొర్రెలను తూచే కాటా మీ దగ్గరే ఉంటుంది. గోనెసంచిని ఊయలలా కట్టి, కుక్కను అందులో పెట్టి తూచండి. లేదా ఇంట్లో కాటా మీద మీరు కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేయండి. 18 కిలోల కుక్కకు కావాల్సింది 90 మిల్లీగ్రాములు. 50 మిల్లీగ్రాముల మాత్రలైతే రెండు వేయండి. కొంచెం ఎక్కువైనా ప్రమాదం లేదు, తక్కువైతే మాత్రం పురుగులు మిగులుతాయి. నాలుగు వారాలు నిండని పిల్లలకు వేయొద్దు. చూలుతో ఉన్న కుక్కకైతే పశువుల డాక్టర్‌ను అడిగి వేయండి.

మాత్రను రాగి ముద్దలో పెట్టి, పైన మాంసం పులుసు కొంచెం పూసి ఇస్తే చాలా కుక్కలు గుటుక్కున మింగుతాయి. ముందు మందు లేని ముద్ద ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మరోటి చూపండి. మూడోదాని ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. మాత్ర చేదు. నమిలితే ఉమ్మేస్తుంది. మింగాక కాసేపు కనిపెట్టుకుని ఉండండి. కొన్ని కుక్కలు పక్కకు పోయి కక్కేస్తాయి.

మాత్ర వేసిన తర్వాత రెండు రోజులు కుక్కను కట్టేసి ఉంచాలి. ఎందుకంటే ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. చచ్చిన పురుగులతో పాటు ఆ రెండు రోజుల్లో గుడ్లు గుంపుగా బయటికి వస్తాయి. మామూలు రోజుల కంటే ఆ రోజుల మలమే ప్రమాదం. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని మలాన్ని ఎత్తి, కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి. మూడో రోజు కుక్కకు ఇంటికి, బావికి దూరంగా సబ్బు పెట్టి స్నానం చేయించి, మీరూ చేతులు శుభ్రంగా కడుక్కోండి. కట్టేయకుండా మాత్ర వేసి మందతో పంపేస్తే, గుడ్లను మేత బీళ్లలో చల్లినట్టే అవుతుంది.

ఇక ఎప్పుడెప్పుడు వేయాలి? ఏడాదికి కనీసం 4 సార్లు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మంద కుక్కలకు, దేవరల్లో తిరిగే కుక్కలకు అది చాలదని నా అభిప్రాయం. కొత్తగా ఎక్కిన పురుగు గుడ్లు పెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఆలోపే మాత్ర పడితే ఆ కుక్క ఎప్పటికీ గుడ్లు వేయదు. అందుకే ఆరు వారాలకోసారి. కాపరులకు కేలండర్ తేదీలు గుర్తుండవు, అమావాస్య, పౌర్ణములు మాత్రం తప్పవు. దానికి తగ్గ లెక్క ఇది: ఈ అమావాస్యకు మాత్ర వేస్తే, తర్వాత వచ్చే మొదటి పౌర్ణమిని వదిలేసి రెండో పౌర్ణమికి వేయండి. ఆ పౌర్ణమి తర్వాత మొదటి అమావాస్యను వదిలి రెండో అమావాస్యకు వేయండి. ప్రతిసారీ దాదాపు 44 రోజులు పడుతుంది. ఆరు వారాల మీద రెండు రోజులే ఎక్కువ కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతుంది. దొడ్డి గోడ మీద గీత గీసి పెట్టుకున్నా చాలు.

మందలో నాలుగు కుక్కలుంటే నాలుగింటికీ ఒకే రోజు వేయాలి. ఇంట్లో చంటిపిల్లలతో ఆడే చిన్న కుక్కను మరిచిపోకండి. పక్క మందవాళ్లను కూడా కలుపుకోండి. మాత్రల ఖర్చు ఒక గొర్రెపిల్ల ధర ముందు ఏపాటిది? ఒకసారి వేశాక మళ్లీ తిత్తి తింటే కుక్కకు మళ్లీ పురుగు వస్తుంది. దానికి నిరోధక శక్తి వచ్చేసిందని ఆగకూడదు.

కుక్కలను చంపేస్తే పీడ పోతుంది కదా అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. విషం పెట్టడం నేరం. పైగా ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి ఏ మాత్రా పడి ఉండదు. లెక్కగా మాత్ర పడుతున్న మీ కుక్కే మీకు కాపలా.

నాలుగో పని: చేయి, నీరు, కూర

పురుగు గుడ్డుకు వేడి, ఎండ పడవు. మరిగే నీళ్లకు వెంటనే చస్తుంది. నడి ఎండలో ఎండినా బతకదు. కానీ నీడలో, తేమలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్, శానిటైజర్ లాంటివి దాన్ని చంపలేవు. అందుకే చేతికి శానిటైజర్ రుద్దుకుని అన్నం తినడం ఇక్కడ పనికిరాదు. సబ్బుతో రుద్ది, పారే నీళ్లతో కడిగితే గుడ్లు కొట్టుకుపోతాయి. గోళ్లు కత్తిరించుకోవాలి. మందను తోలి, కుక్కను నిమిరి, అదే చేత్తో సంగటి ముద్ద తినడం మన దగ్గర రోజూ జరిగేదే. చేతికి నీళ్లు, సబ్బు దొరికే ఏర్పాటు దొడ్డి దగ్గరే పెట్టుకోండి.

మన వైపున్న ఒక అలవాటు చెప్పాలి. ఎరువు కోసం పొలంలో మంద తోలుతారు. రాత్రంతా గొర్రెలతో పాటు కుక్కలూ అక్కడే ఉంటాయి. ఆ చేలోనే తర్వాత శెనక్కాయ వేస్తారు. చెట్టు పీకి, మట్టి దులిపి, పచ్చి కాయ పళ్లతో ఒలుచుకుని తినడంలో రుచి ఉంది, కాదనను. కాయను కడిగి చేత్తో ఒలవండి. కొత్తిమీర, ఉల్లికాడలు, ముల్లంగి, టమోటా పచ్చిగా తినేటప్పుడు నీళ్లు మార్చి మార్చి కడగండి. పశువులు, కుక్కలు తాగే కుంట నీళ్లు మరిగించనిదే తాగొద్దు. తాగునీటి కుండ మీద మూత ఉండాలి. కుక్క గిన్నె కుక్కకే. ఇంటి కంచాలు, పాల చెంబులు దానితో నాకించొద్దు. చిన్నపిల్లలు కుక్క మూతికి మూతి ఆనించి ఆడుకోకుండా చూడండి.

కుక్కల్లో ఉండే ఏలికపాములు పిల్లల కంటిని దెబ్బతీయగలవు, కొంకిపురుగు పిల్ల దశలు కాళ్ల చర్మంలో మెలికలు తిరిగే దురద గీతలు తేగలవు. ఈ చేతి శుభ్రత వాటినీ చాలావరకు ఆపుతుంది. పంది మాంసంతో ముడిపడి మూర్ఛలు తెచ్చే బద్దె పురుగు వేరే జబ్బు, దానికి దారి మనుషుల మలం. దాన్ని దీంతో కలపకండి.

ఐదో పని: ఊరంతా కలిసి చేసేది

ఒక్క ఇల్లు ఎంత జాగ్రత్తగా ఉన్నా, పక్క సందులో కార్జం వీధిలో పడేస్తే ఫలితం ఉండదు. దేవర, జాతర కమిటీ ఈ మూడు మాటలు ముందే తీర్మానించుకోవాలి: కోత ఒకే చోట జరగాలి, ఆ చోటికి కంచె ఉండాలి, వ్యర్థాలకు లోతైన గుంత జేసీబీతో ముందురోజే తీయించాలి. పందిరికి, మైకుకు అయ్యే ఖర్చులో ఇది చిన్న భాగం. మటన్ కొట్లవాళ్లు కొట్టు ముందు కూర్చున్న కుక్కకు ముక్క విసరడం మానేసినా చాలా మారుతుంది.

ఇది జరిగేపనేనా అని అనుమానం వద్దు. ఐస్‌లాండ్ ఒకప్పుడు ఈ జబ్బుతో కుంగిపోయిన గొర్రెల దేశం. 1863లో హారాల్డ్ క్రాబ్బే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి పోయి కుక్కలను పరీక్షించి, ఈ పురుగు దారిని జనానికి అర్థమయ్యేలా రాసిపెట్టాడు. 1890 చట్టం కుక్కలకు పురుగు మందును తప్పనిసరి చేసింది. అప్పటికి ప్రాజిక్వాంటెల్ లేదు, స్కానింగ్ లేదు, టీకా లేదు. తిత్తులు కుక్కకు అందకుండా చేసి, ఉన్న మందునే వేసి, కొన్ని దశాబ్దాల్లో జబ్బును వెళ్లగొట్టారు. గొర్రెలు దండిగా ఉన్న న్యూజిలాండ్ కూడా ఏళ్ల తరబడి కుక్కల మీద నిఘా పెట్టి 2002లో ఈ జబ్బు నుంచి దాదాపు బయటపడ్డట్టు ప్రకటించుకుంది. గొర్రెలకు ఈజీ95 అనే టీకా కూడా ఉంది. చైనా, అర్జెంటీనాల్లో వాడారు. గొర్రెలో కొత్త తిత్తి రాకుండా చేస్తుంది గానీ, కుక్కలో ఉన్న పురుగు మీద పనిచేయదు. కాబట్టి టీకా వచ్చినా కుక్క మాత్ర ఆగదు.

మందలో తిత్తులు ఎక్కువగా కనిపిస్తుంటే మీ పశువుల ఆసుపత్రికి చెప్పండి. కడప జిల్లా ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. తిత్తి ఏ రకందో తేల్చుకోవాలంటే డాక్టర్ ద్వారా అలాంటి చోటికి నమూనా పంపొచ్చు.

ఆరో పని: మనిషిలో తిత్తిని పట్టుకోవడం

తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చిన్నప్పుడు లోపలికి పోయిన గుడ్డు ముప్పై ఏళ్లకు బయటపడొచ్చు. దాదాపు 70 శాతం కార్జంలో, 20 శాతం ఊపిరితిత్తుల్లో ఉంటాయి. మిగతావి మూత్రపిండం, ప్లీహం, మెదడు, ఎముక, ఎక్కడైనా ఉండొచ్చు. కుడి డొక్కలో బరువు, నొప్పి, చేతికి తగిలే గడ్డ, కొందరికి కామెర్లు కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లో ఉంటే తగ్గని దగ్గు, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం. దగ్గినప్పుడు ఉన్నట్టుండి నోటినిండా ఉప్పటి నీళ్లు, తెల్లటి పొరల ముక్కలు వస్తే తిత్తి పగిలినట్టు. కడుపుకు దెబ్బ తగిలాక ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం వస్తే కూడా అదే అనుమానం. ఆ రెండు సందర్భాల్లో తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో కార్జంలోని తిత్తి బాగా తెలుస్తుంది. ఊపిరితిత్తులు అందులో కనిపించవు, వాటికి ఛాతీ ఎక్స్‌రే కావాలి. ఒక చోట తిత్తి దొరికితే రెండో చోట కూడా వెతకమని అడగండి. రక్త పరీక్ష సాయపడుతుంది, కానీ అందులో లేదని వచ్చినంత మాత్రాన తిత్తి లేదని కాదు, ముఖ్యంగా ఊపిరితిత్తుల విషయంలో. ఏమిటో తేలకుండా గడ్డలో సూది గుచ్చి నీరు తీయించుకోవద్దు. ఆ నీరు కడుపులో ఒలికితే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావొచ్చు, ఒలికిన చోటల్లా కొత్త తిత్తులు పుట్టొచ్చు.

రిపోర్టులో తిత్తి అని రాసి ఉంటే టెన్షన్ పడి వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తాల్సిన పని అందరికీ ఉండదు. తిత్తి దశను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు రకాలుగా విడగొట్టింది. చచ్చి, సున్నం కట్టిన తిత్తి ఇబ్బంది పెట్టకపోతే అప్పుడప్పుడు స్కానింగ్ చేస్తూ చూస్తే చాలు. చిన్న తిత్తులకు కొన్ని దశల్లో అల్బెండజోల్ మాత్రలే సరిపోతాయి. కొన్నింటికి స్కానింగ్ చూస్తూ సూదితో నీరు తీసి, మందు ఎక్కించి, మళ్లీ తీసే పద్ధతి ఉంది. అలర్జీ వస్తే ఆదుకునే ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే అది చేయాలి. పెద్దవి, లోపల పిల్ల తిత్తులున్నవి, పగిలేలా ఉన్నవి ఆపరేషన్‌కు పోతాయి. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సర్జరీ విభాగానికి నేరుగా చూపించుకోవచ్చు.

అల్బెండజోల్ విషయంలో ఒక గట్టి మాట. బడుల్లో పురుగుల దినం నాడు పిల్లలకిచ్చే ఒక్క మాత్ర తిత్తికి ఏమీ చేయదు. తిత్తికి ఇచ్చేది బరువును బట్టి, రోజుకు రెండు పూటలా, కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో, నెలల తరబడి. మధ్యలో కార్జం పనితీరుకు, రక్తకణాలకు పరీక్షలు చేయించాలి. గర్భిణులు వాడకూడదు. ఊపిరితిత్తుల్లో పెద్ద తిత్తి ఉన్నవాళ్లు సొంతంగా వాడితే అది పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి షాపులో అడిగి కొనుక్కోవద్దు.

డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు మీరే ముందుగా చెప్పండి: ఇంట్లో గొర్రెలున్నాయని, కుక్క ఉందని, చిన్నప్పుడు మంద దగ్గర పెరిగామని. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా సరే చెప్పండి, ఎందుకంటే తిత్తి మీ ఊరి నాటిది కావచ్చు. ఆపరేషన్ అయ్యాక, మందు ఆపాక కూడా కనీసం మూడు నుంచి ఐదేళ్లు స్కానింగ్‌కు పోతూ ఉండాలి, తిత్తి మళ్లీ పుట్టొచ్చు. ప్రతిసారీ పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట తీసుకుపోండి. ఇంట్లో మిగతావాళ్లకు, ముఖ్యంగా ఆ కుక్కతో పెరిగిన పిల్లలకు, ఒకసారి స్కానింగ్, ఎక్స్‌రే గురించి అదే డాక్టర్‌ను అడగండి.